కిస్తీలు వసూలు చేసే ఉద్యోగంలో ఉంటూ యేసును వెంబడించడం కుదురుతుందా?

బాబూ, వందనాలు. నా చిన్నకొడుకు వయసువాడివి కాబట్టి 'నువ్వు' అనే రాస్తున్నా, ఏమీ అనుకోకు.

నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్లకూ అర్థమవ్వాలి కాబట్టి క్లుప్తంగా మళ్లీ చెప్తాను. నీకు 28 ఏళ్లు. ప్రకాశం జిల్లాలో ఒక మైక్రోఫైనాన్స్ కంపెనీలో ఫీల్డ్ ఆఫీసర్‌వి. వారం వారం మహిళా గ్రూపుల దగ్గర కిస్తీలు వసూలు చేస్తావు. మొన్న సంఘంవాళ్ల యూత్ రిట్రీట్‌లో (ప్రార్థన కూటాల్లో) ప్రభువుకు బతుకు మొత్తం ఇచ్చేవాళ్లు లేవండి అంటే లేచావు. ఇంటికొచ్చాక ఉద్యోగం మీద మనసు విరిగిపోయింది. ఆదివారం ఒక మనిషిని, మిగతా ఆరు రోజులు ఇంకో మనిషిని అన్నావు. నెలాఖరుకు రిజైన్ చేసి పూర్తికాల సేవకు, అంటే వేరే ఉద్యోగం లేకుండా సంఘం పనికే వెళ్లాలా అని అడిగావు. మీ ఆవిడకు ఐదో నెల అని చివర్లో ఒక్క ముక్క రాసి వదిలేశావు.

నా సమాధానం: ఇప్పుడప్పుడే రిజైన్ చేయొద్దు. యేసును వెంబడించడం ఉద్యోగం మానేశాక మొదలయ్యేదైతే మనలో చాలామందికి అది ఎప్పటికీ మొదలు కాదు. రేపు పొద్దున నువ్వు కిస్తీల కోసం వెళ్లే సెంటర్ మీటింగ్‌లోనే, ఆ గ్రూపు ఆడవాళ్ల మధ్యే మొదలుపెట్టు. అక్కడ ప్రభువు మాట వినడం నిజంగా కుదరదని తేలితే అప్పుడు మానెయ్, నేనే సరే అంటాను. ముందు ప్రయత్నించి చూడాలి కదా.

నేను పాస్టరమ్మను కాదు, థియాలజీ చదవలేదు. 33 ఏళ్లు గవర్నమెంటు ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా చేశాను, అందులో ఇరవై ఏళ్లకు పైనే లేబర్ రూములో. రిటైరై నాలుగేళ్లయింది. నీ వయసులో నేనూ ఇదే ప్రశ్నతో నలిగాను. మా సంఘంలో సేవకు వెళ్లే అమ్మాయిలకు పూలదండ వేసి ముందు వరుసలో కూర్చోబెట్టేవాళ్లు. నేను నైట్ డ్యూటీ దిగి, కళ్లు మండుతుంటే వెనక బెంచీలో కూర్చుని, ఈ వారం దేవుడికి నా దగ్గర్నుంచి ఏం ముట్టింది అని లెక్కేసుకునేదాన్ని. ఏమీ కనిపించేది కాదు. బెడ్‌పాన్లు, సెలైన్లు, కేస్‌షీట్లు. ఆ లెక్క వేసే పద్ధతే తప్పని తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ముందు లూకా సువార్త మూడో అధ్యాయం తియ్యి. పదో వచనం నుంచి నిదానంగా చదువు. బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి జనం వచ్చి మేమేం చేయాలి అని అడుగుతారు, నువ్వు అడిగినట్టే. తర్వాత సుంకరులు వస్తారు. సుంకరి అంటే రోమా ప్రభుత్వం పేరు చెప్పి పన్నులు పిండేవాడు, ఊరంతా అసహ్యించుకునేవాడు. బైబిల్లో నీ ఉద్యోగానికి అంతకంటే దగ్గరి చుట్టం దొరకదు. యోహాను వాళ్లను పని మానేసి నాతో అరణ్యానికి రండి అనలేదు. "మీకు నిర్ణయింపబడినదానికంటె ఎక్కువ తీసికొనవద్దు" అన్నాడు. సిపాయిలు వస్తే, ఎవరినీ బాధపెట్టొద్దు, ఎవరి మీదా అపనింద వేయొద్దు, జీతంతో తృప్తిపడండి అన్నాడు. ఒంటె రోమాల బట్ట కట్టి మిడతలు తిని బతికిన మనిషి, వాళ్లను మాత్రం తిరిగి వాళ్ల పనికే పంపాడు. అయితే ఆ షరతు చిన్నదేం కాదు. సుంకరికి లాభం ఉండేదే ఆ 'ఎక్కువ'లో.

ఇంకో సంగతి కూడా చూడు. మత్తయిని యేసు సుంకపు మెట్టు దగ్గర్నుంచి లేపి వెంట తీసుకెళ్లాడు. జక్కయ్యను అలా రమ్మనలేదు, తానే అతని ఇంటికి వెళ్లాడు. జక్కయ్య ఆస్తిలో సగం బీదలకిస్తానని, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగిస్తానని అన్నాడు. ఇద్దరూ సుంకరులే, ఇద్దరికీ వచ్చిన పిలుపు వేరు. కాబట్టి అందరూ మానెయ్యాలనీ, ఎవరూ మానకూడదనీ నేను చెప్పను.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్తాను. చెప్పడానికి ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

కాన్పు అయ్యాక మొదటి రెండు గంటలు తల్లిని పావుగంటకోసారి చూడాలి. నాడి, బీపీ, రక్తం ఎంత పోతోంది, గర్భసంచి గట్టిపడిందా అని పొట్ట మీద చెయ్యి పెట్టి చూడాలి. ఆ రాత్రి డ్యూటీలో నేనొక్కదాన్నే, తోడు ఒక ఆయా. ఆరు కాన్పులు అయ్యాయి. తెల్లవారుజామున నాలుగింటికి మూడో మంచం మీది అమ్మాయి బిడ్డను పక్కలో పెట్టుకుని నిద్రపోతోంది. పంతొమ్మిదేళ్లుంటాయేమో. కాళ్లకు పసుపు ఇంకా ఉంది. లేపడమెందుకులే అనుకుని, పైన రాసి ఉన్న అంకె చూసి 120/80 అని రాసేశాను. నాలుగుంపావుకు మళ్లీ 120/80. నాలుగున్నరకు కూడా అదే. బీపీ పట్టీ చేతికి కట్టలేదు, స్టెత్ మెడలోంచి తియ్యలేదు. ఐదు దాటాక ఆ అమ్మాయే లేచి, సిస్టరమ్మా తల పగిలిపోతోంది, కళ్లు మసకేస్తున్నాయి అంది. అప్పుడు చూస్తే 170/110. కాన్పు అయిపోయాక కూడా గుర్రపువాతం, అంటే బీపీ పెరిగి ఫిట్స్ రావడం, ఉంటుందని నాకు తెలియంది కాదు. డాక్టరమ్మను పిలిపించి మెగ్నీషియం సల్ఫేట్ మొదలుపెట్టాం. ఫిట్స్ రాకుండా గట్టెక్కింది. ఇంటికెళ్లే రోజు నా రెండు చేతులూ పట్టుకుని మీరే కాపాడారమ్మా అంది.

ఆ మాట నేను మొయ్యలేకపోయాను. ఆ ఆదివారం ప్రభుబల్ల దగ్గర చెయ్యి చాపలేక లేచి బయటికొచ్చేశాను. సోమవారం డాక్టరమ్మ దగ్గరికెళ్లి ఆ మూడు రీడింగులు చూడకుండా రాశానని చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెమో ఇచ్చారు, న్యాయమే. నన్ను ఎక్కువ బాధపెట్టింది మెమో కాదు. ఆ వారమంతా నా ప్రార్థన నడిచింది, వాక్యం నడిచింది, శుక్రవారం ఉపవాస కూడికలో లేచి సాక్ష్యం కూడా చెప్పాను. అవన్నీ చేస్తూనే, ఎవరూ చూడని చోట, నా మీద ప్రాణం పెట్టుకుని నిద్రపోతున్న పిల్ల పేరు మీద ఒక అబద్ధపు అంకె రాశాను. అప్పటి నుంచి నాకు శిష్యత్వం అనే మాట వినగానే ముందు ఆ అంకె గుర్తొస్తుంది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా చూడకుండా ఒక్క రీడింగు రాయలేదు. రద్దీలో చూడలేకపోతే 'చూడలేదు' అని రాసేదాన్ని. దానికి తిట్లు పడ్డాయి. పడనీ.

నీ పనిలో కూడా ఇలాంటి అంకె ఒకటి ఉంటుంది. ముందు దాన్ని వెతుకు. మా అల్లుడు బ్యాంకులో చేస్తాడు. నీ ప్రశ్న చూపించి, ఈ పనిలో 'నిర్ణయింపబడినది' అంటే ఏంటయ్యా అని అడిగాను. రిజర్వు బ్యాంకు 2022లో మైక్రోఫైనాన్స్ అప్పులకు కొత్త నిబంధనలు పెట్టిందని చెప్పాడు. ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయం ఉన్న ఇంటికి తాకట్టు లేకుండా ఇచ్చే అప్పులు ఇవి. ఆ ఇంటి మీదున్న అప్పుల కిస్తీలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. వసూలు ఇద్దరూ ఒప్పుకున్న చోటే జరగాలి. వరసగా రెండుసార్లో అంతకంటే ఎక్కువో ఆ చోటికి రాకపోతేనే ఇంటికెళ్లాలి. పొద్దున తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తర్వాత ఫోన్లు చేయకూడదు. బెదిరించకూడదు, తిట్టకూడదు, చుట్టాల్నీ ఇరుగుపొరుగుల్నీ వేధించకూడదు, బాకీవాళ్ల పేర్లు నలుగురిలో పెట్టకూడదు. ఇవి నీకు నాకంటే బాగా తెలిసే ఉంటాయి. నెలాఖరు టార్గెట్ దగ్గరికొచ్చేసరికి ఇవన్నీ ఏ డ్రాయర్లోకి వెళ్లిపోతాయో కూడా తెలిసే ఉంటుంది.

నెలకు పన్నెండు వేలు వచ్చే ఇంటికి ఇరవై అని రాస్తే ఆ లోను పాసవుతుంది. అది నా 120/80 లాంటిదే. రాసేటప్పుడు ఎవరికీ ఏమీ కాదు, ఆవిడ కూడా సంతోషంగానే సంతకం పెడుతుంది. తర్వాత ఆర్నెల్లకు ఏ ఇంట్లో ఏం జరుగుతుందో నువ్వు చూస్తూనే ఉన్నావు. మన రాష్ట్రంలో 2010లో ఇదే గోల. అప్పుడు నువ్వు చిన్నవాడివి. వసూళ్ల ఒత్తిడి తట్టుకోలేక ఆడవాళ్లు ప్రాణాలు తీసుకున్నారని వార్తల మీద వార్తలొచ్చి, ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సే తేవాల్సి వచ్చింది. పురుగుమందు తాగినవాళ్లను క్యాజువాలిటీకి తెస్తే ముక్కులో గొట్టం వేసి కడుపు కడిగే చేతులు మావి. అందులో ఎవరు ఏ బాధకు తాగారో మేం అడిగేవాళ్లం కాదు. వెంటొచ్చిన తల్లులు వాళ్లంతట వాళ్లే చెప్పేవాళ్లు. కాబట్టి నీ ఉద్యోగాన్ని నేను తేలిగ్గా తీసుకుని ఉండిపొమ్మనట్లేదు.

తేలిగ్గా తీసుకోకపోవడం వల్లే చెప్తున్నా. ఆ ప్లాస్టిక్ కుర్చీలో నువ్వు కూర్చోకపోతే ఇంకొకడు కూర్చుంటాడు. నువ్వు కూర్చుంటే ఒకటి జరగొచ్చు: లెక్క సరిగ్గా చెప్పేవాడు, వడ్డీ ఎంత పడుతుందో సంతకానికి ముందే నోటితో చెప్పేవాడు, కట్టిన ప్రతి రూపాయికీ కార్డులో రాసిచ్చేవాడు ఒకడు ఆ ఊరికి వస్తాడు. భర్త చనిపోయిన మనిషికి ఇన్సూరెన్స్ కాగితాలు ఎక్కడ పెట్టాలో చెప్పేవాడు వస్తాడు. ఇంకో లోను ఎందుకమ్మా, ఉన్నది తీరనివ్వు అనేవాడు వస్తాడు. దీనికి నీ ఇన్సెంటివ్ తగ్గుతుంది. బ్రాంచ్ మేనేజర్ మీటింగులో నిలబెట్టి అడుగుతాడు. "ప్రతిదినము తన సిలువను ఎత్తికొని" అని యేసు అన్నాడని లూకా రాశాడు. ప్రతిదినము అన్న ఆ మాటను నేను చాలా ఏళ్లు దాటేసి చదివాను.

మీ జిల్లా కథే ఒకటి గుర్తుచేస్తాను. మీ తాతలు చెప్పే ఉంటారు. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. ఒంగోలులో ఉన్న బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆయనకు కుర్రతనంలో సర్వే పని చేసిన అనుభవం ఉంది. వాక్యం చెప్పే తన మనుషుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. వేరే చోట్ల కూలీలను, ముఖ్యంగా మాదిగవాళ్లను, తిట్టి కొట్టి కూలి ఎగ్గొట్టేవాళ్లు. ఇక్కడ చేసిన పనికి కూలి చేతికొచ్చేది. ఇంకో మాట, నాకు అన్నిటికంటే నచ్చింది: కరువు సాయం నడిచినంతకాలం ఎంతమంది అడిగినా బాప్తిస్మం ఇవ్వలేదు, తిండి కోసం వచ్చారనే మాట రాకూడదని. కరువు సాయం ఆగాక, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మన సభల్లో ఆ అంకె ఒక్కటే చెప్తారు. దానికి ముందు నెలల తరబడి కొలతబద్ద పట్టుకుని మట్టి కొలిచి, లెక్క తప్పకుండా కూలి పంచిన మేస్త్రీల గురించి ఎవరూ చెప్పరు. వాళ్లు కొలిచింది కూడా వాక్యం చెప్పడంలో భాగమేనని నా నమ్మకం.

మళ్లీ ఆసుపత్రికి వస్తాను, ఎందుకంటే అక్కడే ఇంకో తప్పు చేశాను. నేను పనిచేసిన ఒక చోట మగబిడ్డ పుడితే ఇంత, ఆడబిడ్డకు ఇంత అని వసూలు నడిచేది. చేతిలో పెడితేగానీ బిడ్డను చూపించేవాళ్లు కాదు. నా వాటా నాకు ఇవ్వబోయేవాళ్లు, నేను తీసుకోలేదు. ఐదారేళ్లు అంతటితో సరిపోయిందనుకున్నాను. నా చేతులు శుభ్రం, దశమభాగం సరిగ్గా వేస్తున్నాను. ఒకరోజు వరండాలో ఒక ముసలమ్మ, కూలికెళ్లే మనిషి, కొంగుముడి విప్పి నోట్లు లెక్కపెడుతోంది. అన్నీ పదులే, చెమటకు తడిసి బట్టముక్కల్లా మెత్తబడిపోయాయి. వేలు నాలుకకు అద్దుకుని ఒక్కొక్కటే విడదీస్తోంది. ఎన్నిసార్లు లెక్కపెట్టినా రెండు తక్కువే. తలుపు అవతల ఆయా బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను ట్రే పట్టుకుని ఆ ఇద్దరి మధ్య నుంచి నడిచి వెళ్లిపోయాను.

మంచి సమరయుడి కథలో పక్కగా పోయిన యాజకుడు దొంగ కాదు. ఆ గాయపడ్డవాణ్ణి అతను కొట్టలేదు, దోచలేదు. ఆ రాత్రి అది నాకు ముల్లులా గుచ్చుకుంది.

మర్నాడు ఆయాలతో మాట్లాడాను. ఇద్దరు నాతో మాటలు మానేశారు. ఒకామె మాత్రం సూటిగా, నీకు ఒకటో తారీఖు జీతం పడుద్దమ్మా, మాకు నాలుగు నెలలైంది అంది. కాంట్రాక్టు మనుషులు వాళ్లు. నాకు ఆ సంగతే తెలియదు. పక్కన పనిచేస్తున్న మనిషికి నాలుగు నెలలుగా జీతం లేదని తెలియకుండా నేను రోజూ ఆమె రక్షణ కోసం ప్రార్థన చేస్తున్నాను! వాళ్లతో కలిసి అర్జీ రాసి సూపరింటెండెంట్ దగ్గరికి మూడుసార్లు వెళ్లాను. రెండు నెలల జీతం వచ్చింది, మిగతాది ఇంకా ఆలస్యంగా వచ్చింది. నా డ్యూటీలో మాత్రం వసూలు ఆగింది. మిగతా షిఫ్టుల్లో ఆగలేదు, అబద్ధం చెప్పను.

కాబట్టి నీ చేతులు శుభ్రంగా ఉంచుకోవడం సగం పనే. నీ కింద, నీ పక్కన ఎవరున్నారో చూడు. కిస్తీ కట్టలేని మనిషి మీద మిగతా గ్రూపు ఆడవాళ్లను ఉసిగొల్పి వెళ్లగొట్టించడం మీ పనిలో మామూలేనని విన్నాను. నువ్వు ఒక్క మాట తిట్టకుండానే అది జరిగిపోతుంది. ఆ చోట నువ్వు నోరు విప్పాలి.

ఇక ఆఫీసులో, సెంటర్లలో సువార్త చెప్పాలా అని ఇంకో లైను రాశావు. జాగ్రత్త. మన చేతికింద ఉన్న మనిషి మన మాట కాదనలేడు. నొప్పులు పడుతున్న తల్లి మంచం దగ్గర నిలబడి ప్రభువును నమ్ముకుంటావా అంటే ఆమె ఏమంటుంది? నీకు బాకీ ఉన్న మనిషి కూడా అంతే, నువ్వు కరపత్రం ఇస్తే భయంతో తీసుకుంటుంది. నేను డ్యూటీలో ఎవరికీ నా అంతట నేను చెప్పలేదు. అడిగినవాళ్లకు చెప్పాను. ఒకసారి ఒక సాయిబుగారు, మనవరాలు పుట్టిందని డబ్బులు ఇవ్వబోతే నేను వద్దన్నాను. ఎందుకమ్మా, అందరూ తీసుకుంటారుగా అన్నాడు. నేను యేసుప్రభువును వెంబడించేదాన్ని, నాకు ఇది కూడదు అన్నాను. అంతే, ఒక్క వాక్యం. ఆయన కాసేపు నిలబడి తలూపి వెళ్లాడు. అడిగినవారికి సాత్వికంతో జవాబు చెప్పమని పేతురు పత్రికలో ఉంది. మనం ఎవరైనా అడిగేలా బతకాలి, ఆ తర్వాత జవాబు చిన్నదైనా చాలు.

ఆదివారం సంగతి. నెలలో రెండు ఆదివారాలు నాకు డ్యూటీ పడేది. సంఘంలో కొందరు పెద్దలు నన్ను చల్లారిపోయిన విశ్వాసి కింద లెక్కేశారు. కాన్పులు ఆదివారం చూసి ఆగవు కదా. విశ్రాంతి దినాన బావిలో పడ్డ ఎద్దును లాగరా అని ప్రభువే అడిగాడు. అయినా ఒకటి చెప్పాలి: సంఘం లేకుండా ఒంటరిగా ఇలా బతకలేవు. డ్యూటీ పడిన వారం నేను బుధవారం గృహకూడికకు తప్పకుండా వెళ్లేదాన్ని. అక్కడ ఒక రిటైర్డు టీచరమ్మ, సంఘంలో బీపీ సంగతి నేను చెప్పుకున్నది ఆవిడకే. నీకూ అలాంటి మనిషి ఒకరు కావాలి, పనిలో జరిగిన తప్పు ఉన్నదున్నట్టు చెప్పుకోవడానికి.

ఇంకో జాగ్రత్త కూడా. కంపెనీ రాత్రి తొమ్మిదిదాకా తిప్పుతుంటే అదంతా నా సిలువ అనుకోకు. అన్యాయంగా పిండించుకోవడం భక్తి కాదు. ఏలీయా అలసిపోయి చచ్చిపోతానన్నప్పుడు దేవదూత ప్రసంగం చెయ్యలేదు, రొట్టె, నీళ్లు పెట్టి పడుకోనిచ్చాడు. ఇంటికెళ్లు, తిను, నిద్రపో.

ఇంటి మాట వచ్చింది కాబట్టి, నువ్వు ఒక్క ముక్కలో వదిలేసిన దాని గురించి. రిట్రీట్‌లో లేచే ముందు మీ ఆవిడను అడిగావా? వచ్చాక అయినా కూర్చోబెట్టి చెప్పావా? మార్కు ఏడో అధ్యాయంలో కొర్బాను అని ఉంటుంది. అమ్మానాన్నలకు ఇవ్వాల్సింది దేవుడికి ఇచ్చేశామని చెప్పి వాళ్లను గాలికొదిలేసే వాళ్లను యేసు ఎంత గట్టిగా మందలించాడో చూడు. ఐదో నెల అంటే ఇప్పుడు ఆమెకు ఐరన్ మాత్రలు, స్కానింగ్, కాస్త మంచి తిండి, పక్కన మనిషి కావాలి. స్కానింగ్ రోజు సెలవు పెట్టి వెంట వెళ్లడం కూడా శిష్యుడు చేసే పనే. నర్సుగా చెప్తున్నా: తలనొప్పి, కాళ్లవాపు, కళ్లు మసకలు ఏవైనా ఉంటే ఆగకుండా బీపీ చూపించు.

పూర్తికాల సేవ వద్దని నేను అనను. మా పాస్టరు అయ్యగారు లేకపోతే నేను లేను. కానీ పిలుపును పరీక్షించుకోవాలి. టార్గెట్ లేని నెలలో కూడా ఆ కోరిక అలాగే ఉంటుందా? నీతోపాటు ఇంకెవరికైనా, నీ లోపాలు బాగా తెలిసినవాళ్లకు, అది కనిపించిందా? ఇప్పటికే సాయంత్రాలు ఎవరినైనా పరామర్శిస్తున్నావా, సండే స్కూల్ పిల్లలకు చెప్తున్నావా? మీ ఆవిడ మనస్ఫూర్తిగా సరే అంటుందా? గుంటూరులో మేం నర్సింగు చదివే రోజుల్లో డాక్టర్ అన్నా కుగ్లర్ గురించి చెప్పేవాళ్లు. ఆవిడ డాక్టరు చదివి 1883లో గుంటూరు వచ్చారు. అప్పటికి మిషన్ వైద్యపు పనికి సిద్ధంగా లేదు, జనానాల్లో, అంటే ఇళ్లలో ఆడవాళ్లు ఉండే లోపలి భాగాల్లో, వాళ్లకు చదువు చెప్పే పని అప్పగించింది. ఆ పని చేస్తూనే ఆవిడ కనిపించిన రోగుల్ని చూశారు. ఆసుపత్రి తలుపులు తెరిచింది 1898లో. పదిహేనేళ్లు! నువ్వు రిట్రీట్ నుంచి వచ్చి పదిహేను రోజులు కూడా కాలేదు.

నువ్వు ఆ రోజు లేచి నిలబడింది ఉత్తినే పోదు. బతుకు మొత్తం ఇస్తానన్నావు, కిస్తీలు వసూలు చేసే గంటలు కూడా ఆ మొత్తంలోవే కదా.

ఇక చెయ్యాల్సిన పని. ఎక్కువ చెప్తే ఏదీ చెయ్యవు, కాబట్టి కొంచెమే చెప్తాను. నేను బస్టాండు నుంచి ఆసుపత్రి గేటు దాకా నడిచే పది నిమిషాల్లో ముగ్గురి పేర్లు ప్రభువుకు చెప్పుకునేదాన్ని. ఒక పేషెంటు, పనిలో తోటిమనిషి ఒకరు, నాకు అసలు పడని మనిషి ఒకరు. పేరు పెట్టి ప్రార్థించిన మనిషి మీద ఆ రోజు అరవడం కష్టం. నువ్వు బండి స్టార్ట్ చేసే ముందు అలా చెయ్యి. ఈ నెల ఫారాల్లో ఒక్క అంకె కూడా తెలిసి తప్పు రాయకు. వరసగా మూడు నెలలు అలా చెయ్యి. అలా చేస్తే ఉద్యోగం నిలవదని పైవాళ్లు తేల్చి చెప్తే, అది నీకు జవాబు. అప్పుడు మరో పని చూసుకుని బయటికి రా, సిగ్గుపడాల్సిన పనిలేదు. తప్పుడు అంకెలు రాయడమే ఆ ఉద్యోగమైతే అందులో ఒక్కరోజు కూడా ఉండమని చెప్పను.

ఈ రాత్రి అన్నం తిన్నాక ఫోన్ పక్కన పెట్టి మీ ఆవిడకు మొత్తం చెప్పు. ఆమె ఏమందో కుదిరితే ఇక్కడ రాయి. రేపటి మొదటి సెంటర్ మీటింగ్ ఎన్నింటికో కూడా రాయి. పొద్దున నేను మొక్కలకు నీళ్లు పోసే వేళ అదే అయితే, ఆ టైముకు నీ పేరు, మీ ఆవిడ పేరు నా ముగ్గురిలో చేర్చుకుంటాను.